స్కిజోటైపల్ లక్షణాలు: చదివిన మాట మెదడులో అర్థమయ్యే తీరు

సంబంధం లేని సంగతుల మధ్య సంబంధం తోచడం, పక్కింట్లో ఎవరో నవ్వితే తనను చూసే నవ్వారనిపించడం, మాట ఒకచోట మొదలై మరెక్కడికో పోవడం, నలుగురిలో కలవాలంటే ఎంతకీ వదలని బెరుకు, అందరికీ ఆనందమిచ్చేవి తనను కదిలించకపోవడం. ఇలాంటి పోకడలు కొందరిలో స్వభావంగానే ఉంటాయి. స్కిజోఫ్రీనియా లక్షణాలతో వీటికి దూరపు చుట్టరికం ఉంది కాబట్టి మనస్తత్వ శాస్త్రం వీటన్నిటినీ కలిపి స్కిజోటైపల్ లక్షణాలు అంటుంది. ఆ స్వభావానికే స్కిజోటైపీ అని పేరు. ఇది జబ్బు పేరు కాదు. జనంలో కొందరికి ఈ లక్షణాలు తక్కువ, కొందరికి ఎక్కువ. ఎక్కడ గీత గీసి ఇటువైపు ఆరోగ్యం, అటువైపు రోగం అనాలో నేటికీ వాదం నడుస్తూనే ఉంది.

ఈ లక్షణాలు గట్టిగా ఉన్నవాళ్లు ఉద్యోగాలు చేస్తారు, పిల్లల్ని పెంచుతారు, పుస్తకాలు చదువుతారు. వాళ్లు చదివేటప్పుడు మెదడులో సాగే పని మిగతావాళ్లతో పోలిస్తే వేరుగా ఉంటుందా అన్న ప్రశ్నను పరిశోధకులు 1980ల నుంచి పట్టుకుని ఉన్నారు. ఇప్పటికి తేలినదాని సారం ఇలా చెప్పవచ్చు. అక్షరాలను గుర్తుపట్టడంలో, మాటల అర్థాలు తెలిసి ఉండడంలో వాళ్లకు చెప్పుకోదగ్గ లోటు లేదు. ఒక మాట కంటబడిన అరసెకనులోపు దాని చుట్టూ ఏయే మాటలు మేలుకుంటాయి, వాటిలో సందర్భానికి పనికిరానివి ఎంత త్వరగా సద్దుమణుగుతాయి అన్నచోటే తేడా బయటపడుతోంది.

భావన పుట్టుక

1908లో బెర్లిన్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో స్విస్ వైద్యుడు యూజెన్ బ్లాయ్‌లర్ స్కిజోఫ్రీనియా అనే పేరు ప్రతిపాదించాడు. 1911లో వచ్చిన తన గ్రంథంలో ఈ వ్యాధికి మూలంగా ఆయన చూపినది భ్రమలను కాదు, భావాల మధ్య ఉండే ముడులు సడలిపోవడాన్ని. జ్యూరిక్‌లో ఆయన నడిపిన బుర్గ్‌హోల్జ్‌లి ఆస్పత్రిలోనే కార్ల్ యూంగ్ మాటల ప్రయోగాలు చేశాడు. ఒక మాట చెప్పి, వెంటనే తోచిన మాట చెప్పమని, ఎంతసేపటికి చెప్పారో గడియారంతో కొలిచేవాడు. మనోవ్యాధిని మాటల పొత్తులోంచి చూడడం అనే పద్ధతి ఆ ఆస్పత్రిలో వేళ్లూనుకుంది. రోగుల అన్నదమ్ముల్లో, తల్లిదండ్రుల్లో అదే తరహా విడ్డూరాలు పలుచగా కనిపించడాన్ని కూడా బ్లాయ్‌లర్ గమనించాడు.

స్కిజోటైప్ అనే మాటను 1953లో హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన శాండర్ రాడో వాడుకలోకి తెచ్చాడు. 1962లో పాల్ మీల్ దానికి సిద్ధాంత రూపం ఇచ్చాడు. జనాభాలో సుమారు 10 శాతం మందికి పుట్టుకతోనే ఒక నాడీ బలహీనత ఉంటుందనీ, వాళ్లలోనూ పదోవంతు మందికే స్కిజోఫ్రీనియా వస్తుందనీ, మిగతావాళ్లు ఆ లక్షణాల ఛాయతోనే బతుకు గడుపుతారనీ ఆయన అంచనా. 1968లో సేమూర్ కెటీ, డేవిడ్ రోసెంతాల్, పాల్ వెండర్ డెన్మార్క్ దత్తత రికార్డుల ఆధారంగా ప్రచురించిన అధ్యయనం ఈ ఊహకు బలమిచ్చింది. దత్తు పోయి, పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా వచ్చినవాళ్ల విషయంలో పెంచినవారి ఇంట్లో కంటే రక్తసంబంధీకుల్లోనే ఆ తరహా పోకడలు ఎక్కువగా కనబడ్డాయి. 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ణయ గ్రంథం డి.ఎస్.ఎం. మూడో కూర్పులో స్కిజోటైపల్ వ్యక్తిత్వ రుగ్మతను చేర్చింది. ఇప్పటి కూర్పు ప్రకారం తొమ్మిది లక్షణాల్లో అయిదు ఉంటేనే ఆ రోగనిర్ణయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మాత్రం దాన్ని వ్యక్తిత్వ రుగ్మతల్లో కాక స్కిజోఫ్రీనియా పక్కనే పెట్టింది.

ఆక్స్‌ఫర్డ్‌లో గోర్డన్ క్లారిడ్జ్ మీల్‌తో విభేదించాడు. ఇది కొందరికే పుట్టుకతో వచ్చే లోపం కాదనీ, అందరిలోనూ హెచ్చుతగ్గులుగా ఉండే స్వభావమనీ ఆయన వాదన. చదువు మీద జరిగిన ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఈ వాదన నీడలోనే నడిచాయి. రోగులను కాక విద్యార్థులను, మామూలు ఉద్యోగులను పిలిచి, ప్రశ్నావళి ఇచ్చి, వచ్చిన మార్కులను మెదడు కొలతలతో జతచేసి చూడడం వీటి పద్ధతి. ఏడ్రియన్ రైన్ 1991లో తయారుచేసిన 74 ప్రశ్నల జాబితా, క్లారిడ్జ్ బృందం 1995లో వెలువరించిన 104 ప్రశ్నల ఆక్స్‌ఫర్డ్ జాబితా, విస్కాన్సిన్‌లో లోరెన్, జీన్ చాప్‌మన్ దంపతులు రూపొందించిన కొలబద్దలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి.

ఈ ప్రశ్నావళులు ఒకే అంకె ఇచ్చి ఊరుకోవు. వింత అనుభవాలు, అతీంద్రియ నమ్మకాలు ఒక పాయ. ఆలోచనలో, మాటలో పొందిక తప్పడం ఇంకో పాయ. మనుషులకు, సంతోషాలకు దూరంగా ఉండడం మూడోది. మొదటిదానికి సానుకూల స్కిజోటైపీ అని, మూడోదానికి ప్రతికూల స్కిజోటైపీ అని శాస్త్ర వ్యవహారం. సానుకూలం అంటే మంచిదని కాదు, మామూలు అనుభవానికి అదనంగా ఏదో చేరడం. ప్రతికూలం అంటే ఉండవలసింది తగ్గడం. మాటల ప్రయోగాల్లో ఈ పాయలు ఒకే దిశలో పోవు. అందుకే స్కిజోటైపీ ఉంటే మెదడు ఇలా పనిచేస్తుందని ఒకే వాక్యంలో తేల్చేసే ప్రకటన ఏదైనా సరే అనుమానించవలసిందే.

చదివే మెదడు

చదివేటప్పుడు కన్ను పంక్తి మీద జారిపోదు, ఒక్కో మాట దగ్గర సుమారు 200 నుంచి 250 మిల్లీసెకండ్లు ఆగుతూ గెంతుతుంది. ఆ ఆగిన క్షణంలో అక్షరాల రూపం మెదడు వెనుక భాగంలోని దృష్టి ప్రాంతాలకు చేరుతుంది. అక్కడి నుంచి ఎడమ అర్ధగోళం అడుగున, తలవెనుక భాగానికీ కణత భాగానికీ మధ్యనున్న ఒక చిన్న ప్రాంతానికి వెళ్తుంది. లోరాన్ కోయెన్, స్టానిస్లాస్ దెహేన్ బృందం 2000లో దీనికి పదరూప దృష్టి ప్రాంతమని పేరు పెట్టింది. అక్కడ దెబ్బతగిలితే ఏమవుతుందో అంతకు శతాబ్దం ముందే, 1892లో, పారిస్‌లో జూల్ దెజెరీన్ వర్ణించాడు. ఆయన చూసిన రోగి రాయగలడు, తాను రాసినదాన్నే చదవలేడు.

మాట కనబడిన సుమారు 170 మిల్లీసెకండ్లకు ఈ దశ తాలూకు విద్యుత్ జాడ తలమీద అమర్చిన ఇ.ఇ.జి. తీగలకు అందుతుంది. సుమారు 400 మిల్లీసెకండ్ల దగ్గర అర్థానికి సంబంధించిన జాడ వస్తుంది. దానిలో కణత భాగాలదీ, ఎడమ నుదుటి దిగువ భాగానిదీ పెద్ద పాత్ర. స్కిజోఫ్రీనియా రోగుల్లో తొలి దశలోనే, అంటే చూపు స్థాయిలోనే, కొంత ఇబ్బంది ఉంటుందని న్యూయార్క్‌లో డేనియల్ జావిట్ బృందం చూపింది. పేరాలు వేగంగా చదవడం వాళ్లకు కష్టమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న స్కిజోటైపల్ స్వభావుల విషయంలో చెప్పుకోదగ్గ కథంతా రెండో దశలో, అర్థం దగ్గర ఉంది.

మాట పక్క మాట

1971లో అమెరికాలో డేవిడ్ మేయర్, రోజర్ ష్వానెవెల్ట్ ఒక సులువైన ప్రయోగం చేశారు. తెర మీద అక్షరాల గుంపు కనబడుతుంది, అది నిజమైన మాటో కాదో మీట నొక్కి చెప్పాలి. 'రొట్టె' చూసినవాళ్లు 'వెన్న'ను త్వరగా గుర్తుపట్టారు, సంబంధం లేని మాట చూసినవాళ్లకు కాస్త ఆలస్యమైంది. తేడా సెకనులో చిన్న వంతే కానీ మళ్లీమళ్లీ వస్తుంది. దీన్నే ప్రైమింగ్ అంటారు. 1975లో అలన్ కాలిన్స్, ఎలిజబెత్ లాఫ్టస్ దీనికి ఇచ్చిన వివరణ నేటికీ చెల్లుబాటవుతోంది. వలలో ఒక ముడిని లాగితే చుట్టుపక్కల ముడులు కదిలినట్టు, ఒక మాట మేలుకుంటే దాని ఇరుగుపొరుగు మాటలూ కొంత మేలుకుంటాయి. దూరం పోయేకొద్దీ కదలిక సన్నగిల్లుతుంది.

ఆ కదలిక ఎంత దూరం పోతుందో కొలవడానికి పరోక్ష జంటలు పనికొస్తాయి. తెలుగులో చెప్పాలంటే 'సముద్రం', 'కారం' అలాంటి జంట. వీటి మధ్య నేరు సంబంధం లేదు. సముద్రం ఉప్పును తలపిస్తుంది, ఉప్పు కారాన్ని. నడుమనున్న 'ఉప్పు' తెర మీద ఎక్కడా కనబడదు. చాలామందికి 'సముద్రం' చూశాక 'కారం' గుర్తుపట్టడంలో దొరికే ఊతం అంతంతమాత్రం. జర్మనీలో మాన్‌ఫ్రెడ్ స్పిట్జర్ బృందం 1993లో ఇలాంటి జర్మన్ జంటలను, ఆలోచన గాడి తప్పిన స్కిజోఫ్రీనియా రోగులకు చూపింది. వాళ్లకు పరోక్ష సంబంధం మామూలువాళ్లకంటే బాగా ఊతమిచ్చింది. కదలిక అంత దూరం పోతోందన్నమాట. హార్వర్డ్‌లో బ్రెండన్ మేహర్ అంతకు పదేళ్ల ముందే ఈ మాట అన్నాడు. రోగి మాటల్లో అర్థం లేకపోవడం కాదు సమస్య, మామూలుగా అణగిపోవలసిన పొత్తులు అణగక బయటికి రావడమే సమస్య అని.

రోగం లేనివాళ్లలోనూ ఇది కనిపిస్తుందా? జ్యూరిక్‌లో పీటర్ బ్రుగర్, డియెగో పిజ్జగల్లి, క్రిస్టీన్ మోర్ బృందం 2001లో వెలువరించిన రెండు పరిశోధనలు ఈ రంగంలో అందరూ చెప్పుకునేవి. ఒకదానిలో అతీంద్రియ శక్తులను నమ్మేవాళ్లనూ నమ్మనివాళ్లనూ పోల్చారు. నమ్మేవాళ్లలో పరోక్ష జంటల ఊతం ఎక్కువగా ఉంది, నేరు జంటల విషయంలో తేడా లేదు. మాటను చూపు మధ్యనుంచి ఎడమ పక్కన చూపినప్పుడే, అంటే అది ముందుగా కుడి అర్ధగోళానికి చేరినప్పుడే, ఈ అదనపు ఊతం కనబడింది. రెండోదానిలో జంతువుల పేర్లు, పండ్ల పేర్లు ఏ వరసా లేకుండా జతచేసి, ఈ రెంటికీ ఎంత దూరం అని అడిగారు. మాయా నమ్మకాల కొలబద్ద మీద ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లకు సంబంధం లేని జంటలు కూడా దగ్గరగా తోచాయి. వ్యాసకర్తలు అందులోంచి తీసిన నిర్ధారణ ఆలోచించదగ్గది. వాళ్లకు ఆ పొత్తులు వదులుగా లేవేమో, వాళ్ల మనసులో ఆ మాటలు నిజంగానే దగ్గరగా ఉన్నాయేమో.

అణచివేత సంగతి వేరే ప్రయోగం తేల్చింది. 1987లో ఆంథొనీ బీచ్, క్లారిడ్జ్ రంగు సిరాలతో రాసిన రంగుల పేర్లు చూపించారు. మాటను పట్టించుకోకుండా సిరా రంగు చెప్పాలి. ఇప్పుడు పట్టించుకోని 'ఎరుపు' అనే మాట, తర్వాతి చీటీలో సిరా రంగుగా వస్తే మామూలువాళ్లు కాస్త తడబడతారు. ఒకసారి పక్కకు నెట్టినదాన్ని తిరిగి తెచ్చుకోవాలి కదా. స్కిజోటైపల్ మార్కులు ఎక్కువ ఉన్నవాళ్లలో ఈ తడబాటు తగ్గింది. పక్కకు నెట్టవలసిన మాటను వాళ్ల మెదడు అంత గట్టిగా నెట్టలేదని అర్థం. ఒక పనిలో ఇది లోటు, ఇంకో పనిలో ఇదే వేగం. ఈ ఒక్క ఫలితం చాలు, ఈ స్వభావాన్ని కేవలం లోపాల పట్టికగా చూడకూడదని చెప్పడానికి.

ఎన్400 చెప్పే సంగతి

మీట నొక్కే వేగం మెదడు చేసిన పని మొత్తానికి చివరి ఫలితం. మధ్యలో ఏం జరిగిందో చూడాలంటే విద్యుత్ తరంగాలు కావాలి. 1980లో శాన్ డియెగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మార్తా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ వాక్యాలను ఒక్కో మాటగా తెర మీద చూపిస్తూ ఇ.ఇ.జి. తీశారు. 'ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకుని తిన్నాడు' అనేదాన్ని ఇలా చదువుతుంటే 'నెయ్యి' దగ్గర మెదడు నెమ్మదిగానే ఉంటుంది. అదే 'ఆవకాయ అన్నంలో గొడుగు వేసుకుని' అని వస్తే, 'గొడుగు' కనబడిన సుమారు 400 మిల్లీసెకండ్లకు నడినెత్తి మీద తీగల్లో రుణ విద్యుత్ అల ఒకటి లోతుగా దిగుతుంది. దీని పేరు ఎన్400. ఇది తప్పును పట్టే గంట కాదు. ప్రతి అర్థవంతమైన మాటకూ వస్తుంది. ముందున్న సందర్భం ఆ మాటకు దారి వేసి ఉంటే చిన్నగా, వేయకపోతే పెద్దగా వస్తుంది.

స్కిజోటైపల్ వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవాళ్లకు ఇలాంటి వాక్యాలు చూపించి, వినిపించి బోస్టన్ ప్రాంతంలో మార్గరెట్ నిజ్నికీవిచ్, రాబర్ట్ మెకార్లీ బృందం చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. వాళ్లలో సజావుగా ముగిసిన వాక్యాలకు కూడా ఎన్400 పెద్దగా వచ్చింది. అంటే 'నెయ్యి' దగ్గర కూడా మెదడు శ్రమపడింది. అప్పటిదాకా చదివిన మాటలు రాబోయే మాటకు వేయవలసినంత దారి వేయలేదు. స్కిజోఫ్రీనియా రోగుల్లోనూ ఇదే ఆనవాలు కనిపిస్తుంది.

2005లో మైకేల్ కియాంగ్, మార్తా కుటాస్ రుగ్మత లేని వ్యక్తులను తీసుకున్నారు. ముందు ఒక వర్గం పేరు, తర్వాత ఒక మాట. మన మాటల్లో పెట్టుకుంటే, 'పండు' అన్నాక 'మామిడి' రావచ్చు, 'వెలగ' రావచ్చు, 'గడియారం' రావచ్చు. మామిడికి ఎన్400 అతి చిన్నగా, గడియారానికి అతి పెద్దగా, వెలగకు మధ్యస్థంగా రావడం సాధారణం. రైన్ ప్రశ్నావళిలో మార్కులు పెరిగేకొద్దీ ఈ మెట్ల మధ్య ఎడం తగ్గుతూ వచ్చింది.

ఎడం తగ్గింది అన్నమాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ రంగంలో కనిపించే వైరుధ్యమంతా ఇక్కడే చిక్కుపడి ఉంది. ఆ ఎడం రెండు రకాలుగా తగ్గవచ్చు. సంబంధం లేని మాటకు రావలసిన పెద్ద అల చిన్నదైతే తగ్గుతుంది. అప్పుడు 'గడియారం' కూడా ఎంతో కొంత ముందే మేలుకుని ఉందని అర్థం, కదలిక దూరం పాకిందన్నమాట. సంబంధం ఉన్న మాటకు రావలసిన చిన్న అల పెద్దదైనా ఎడం తగ్గుతుంది. అప్పుడు 'మామిడి' చాలినంతగా మేలుకోలేదని, సందర్భం పనిచేయలేదని అర్థం. ఒకటి మితిమీరిన పొత్తు, ఇంకొకటి బలహీనపడిన పొత్తు. బయటికి రెండూ ఒకే అంకెగా కనబడతాయి.

ఈ రెంటినీ విడదీసేది కాలం. మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య వ్యవధి 250 మిల్లీసెకండ్ల లోపు ఉంటే జరిగేది చాలామటుకు మన ప్రమేయం లేని కదలిక. అరసెకను దాటితే మనసు ఊహించడం, ఎంచుకోవడం, వద్దనుకోవడం మొదలవుతుంది. ఈ విభజనను 1977లో జేమ్స్ నీలీ ప్రయోగంతో నిలబెట్టాడు. పొట్టి వ్యవధిలో దూరపు మాటలు అతిగా మేలుకోవడం, పొడుగు వ్యవధిలో దగ్గరి మాటలకు ఆసరా తగ్గడం అనే రెండు ధోరణులూ స్కిజోఫ్రీనియా సాహిత్యంలో కనబడతాయి. స్కిజోటైపీలోనూ వీటి పలుచటి రూపాలు వచ్చాయి. ప్రతి ప్రయోగంలోనూ కాదు. ఇది నాకు అన్నిటికంటే నమ్మదగ్గదిగా తోచే వివరణ: మొదటి పావుసెకనులో చాలా మాటలు లేస్తాయి, ఆ తర్వాత వాటిని ఏరి పనికొచ్చేదాన్ని నిలబెట్టే పని అంత బిగువుగా సాగదు. 'చెప్పు' అని చదివితే పాదరక్ష, పలకమని ఆజ్ఞ, రెండూ ఎవరికైనా క్షణంపాటు లేస్తాయి. 'కొత్త' పక్కన ఉంటే ఒకటి, 'నిజం' పక్కన ఉంటే ఇంకొకటి నిలిచి, రెండోది మాయమవడానికి పట్టే కాలమే ఇక్కడ అసలు కొలత.

మాటల్లోని భావోద్వేగం ఈ ఏరివేతను ఇంకా కష్టం చేస్తుంది. ఇల్లినాయ్‌లో అప్రజిత మొహంతి తదితరులు 2005లో ప్రచురించిన పరిశోధనలో, సానుకూల స్కిజోటైపీ ఉన్నవాళ్లు ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకుని బాధ కలిగించే మాటల సిరా రంగు చెప్పారు. నుదుటి భాగంలో, దృష్టి నిలపడానికి అవసరమైన ప్రాంతంలో చురుకు ఎడమవైపు తగ్గి, కుడివైపు పెరిగింది. చదవవద్దన్న మాట చదవబడి, పనికి అడ్డం వచ్చింది.

కుడి, ఎడమ

చాలామంది కుడిచేతివాటం వాళ్లకు భాష ఎడమ అర్ధగోళంలో ఉంటుంది. చూపు మధ్యలో ఒక చుక్క పెట్టి, మాటను కుడివైపు ఒక్క క్షణం చూపితే అది నేరుగా ఎడమ అర్ధగోళానికి చేరుతుంది, త్వరగా చదువుతాం. ఎడమవైపు చూపితే కుడి అర్ధగోళం దాటి రావాలి, ఆలస్యమవుతుంది. కన్ను కదిలేలోపే మాట మాయమవాలి కాబట్టి సుమారు 150 మిల్లీసెకండ్లే చూపిస్తారు.

కుడి అర్ధగోళానికీ మాటలు తెలుసు. కానీ అది అర్థాలను ముతకగా, విశాలంగా పట్టుకుంటుందని అమెరికన్ శాస్త్రవేత్త మార్క్ బీమన్ 1990ల్లో ప్రతిపాదించాడు. ఎడమది దగ్గరి అర్థాన్ని బిగించి పట్టుకుంటే, కుడిది దూరపు అర్థాలను కూడా వదలకుండా ఉంచుతుంది. హాస్యం, రూపకం, పొడుపుకథ అర్థమవడానికి ఆ విశాలత కావాలి. సానుకూల స్కిజోటైపీలో కుడివైపు వాటా పెరుగుతుందన్న జ్యూరిక్ వాదన దీని మీదే నిలబడింది. పొందికైన వాదనే. అయితే తర్వాతి ప్రయోగాలు దీన్ని నిలకడగా సమర్థించలేదు. ఒక్కోచోట సానుకూల పాయ కాక ఆలోచనలో పొందిక తప్పే పాయకే సంబంధం తేలింది. స్కిజోటైపల్ మార్కులు ఎక్కువ ఉన్నవాళ్లలో పొగతాగే అలవాటు ఎక్కువ కాబట్టి, ఆ తేడాలో కొంత పొగాకుదేనా అని క్రిస్టీన్ మోర్ సహచరులే 2010లో పరీక్షించారు. తమ ఊహనే తాము ఇలా నిలదీసుకునే బృందాలు ఉండబట్టే ఈ రంగం ముందుకు పోతోంది.

లేని మాట కనబడడం

లండన్‌లో ఇలియాస్ సకానికోస్, ఫిల్ రీడ్ 2005లో వెలువరించిన ప్రయోగం చిన్నదే, కానీ మనసులో నిలిచిపోతుంది. తెర మీద అర్థంలేని అక్షరాల గుంపులు వేగంగా కదిలిపోతుంటాయి. వాటిలో అసలైన మాట కనబడితే చెప్పాలి. వింత అనుభవాల మార్కులు ఎక్కువగా ఉన్న విద్యార్థులు తెర మీద లేని మాటలను చూశామని ఎక్కువసార్లు చెప్పారు. వాళ్లెవరూ రోగులు కారు, అబద్ధం చెప్పవలసిన అవసరమూ లేదు. సగం కనబడిన అక్షరాలను అర్థం వైపు పూరించడంలో వాళ్ల మెదడు ఒక అడుగు ముందుంది.

ఈ తొందర వెనుక మెదడులో సంకేతాలు మోసే రసాయనం డోపమిన్ ఉందా అని జ్యూరిక్ బృందం అడిగింది. పీటర్ క్రుమ్మెనాకర్, మోర్, బ్రుగర్ తదితరులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో 40 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లు పాల్గొన్నారు. 20 మంది అతీంద్రియ అనుభవాలను నమ్మేవాళ్లు, 20 మంది నమ్మనివాళ్లు. కొందరికి డోపమిన్‌ను పెంచే లెవోడోపా 200 మిల్లీగ్రాములు, కొందరికి ఉత్తుత్తి మాత్ర. మాటలు, ముఖాలు తెర పక్కల్లో మెరుస్తాయి, ఉందో లేదో చెప్పాలి. నమ్మేవాళ్లు లేనిదాన్ని ఉందనే వైపు మొగ్గారు, నమ్మనివాళ్లు ఉన్నదాన్ని వదిలేసే వైపు. లెవోడోపా పడ్డాక నమ్మనివాళ్లలో మాటకూ అర్థంలేని అక్షరాలకూ తేడా పట్టే చురుకుదనం తగ్గింది, లేదనే మొగ్గు కూడా తగ్గింది. నమ్మేవాళ్లలో చురుకుదనం తగ్గలేదు, పైగా వాళ్లు కొంచెం జాగ్రత్తపడ్డారు. డోపమిన్ పెరిగితే నమ్మకం పెరుగుతుందన్న సులువైన లెక్క ఇక్కడ చెల్లలేదు. పరిశోధకులు ఊహించని ఈ భాగమే నా దృష్టిలో ఆ అధ్యయనానికి విలువ తెచ్చింది.

అర్థం లేనిచోట అర్థం గోచరించడాన్ని 1958లో జర్మన్ వైద్యుడు క్లాస్ కొన్రాడ్ అపోఫీనియా అన్నాడు. మనోవ్యాధి మొదలయ్యే దశలో చుట్టూ ఉన్నవన్నీ తనకే ఏదో చెబుతున్నట్టు తోస్తాయని ఆయన రోగులు వివరించారు. 2003లో శితిజ్ కపూర్ దీన్ని డోపమిన్‌తో ముడిపెట్టి, ప్రాముఖ్యం లేనిదానికి మెదడు ప్రాముఖ్యం అంటగట్టడంగా వివరించాడు. ప్రతి చదువరికీ అప్పుడప్పుడు కలిగే అనుభవమే ఇది. ఎంత తరచుగా కలుగుతుంది, ఎంత నమ్మిస్తుంది అన్నదే తేడా.

కవులు, గణితవేత్తలు

దూరపు పొత్తులు సృజనకు పనికొస్తాయన్నది పాత ఊహ. డేనియల్ నెటిల్ 2006లో బ్రిటన్ కవులను, చిత్రకారులను, గణితవేత్తలను ఆక్స్‌ఫర్డ్ జాబితాతో కొలిచాడు. వింత అనుభవాల్లో కవులు, చిత్రకారులు స్కిజోఫ్రీనియా రోగులతో సమానంగా ఉన్నారు. సంతోషాలకు దూరం కావడమనే పాయలో మాత్రం రోగులకంటే బాగా తక్కువ. గణితవేత్తలు వింత అనుభవాల్లోనూ తక్కువే. స్వీడన్‌లో సైమన్ కియాగా బృందం 2011లో మూడు లక్షల మంది రోగుల, వారి బంధువుల రికార్డులు పరిశీలిస్తే, స్కిజోఫ్రీనియా రోగుల ఆరోగ్యవంతులైన తోబుట్టువుల్లో సృజనాత్మక వృత్తులవాళ్లు ఎక్కువగా కనబడ్డారు, రోగుల్లో కాదు. మాటలు దూరం పాకడం ఒక్కటే చాలదు. పాకినవాటిలోంచి ఏరుకునే బిగువు, నలుగురితో పంచుకోవాలన్న కోరిక ఉంటేనే అది పద్యమవుతుంది.

కొలతల హద్దులు, తెలుగు చదువరి

పైన చెప్పిన ఫలితాలన్నీ గుంపుల సగటులు. ఏ ఒక్క మనిషి ఎన్400 చూసి అతని స్వభావం చెప్పలేం. రోగనిర్ణయం నేటికీ మనిషితో కూర్చుని మాట్లాడి చేసేదే. అమెరికా జాతీయ సర్వేలో స్కిజోటైపల్ వ్యక్తిత్వ రుగ్మత 4 శాతానికి దగ్గరగా తేలింది. రుగ్మత స్థాయికి చేరని లక్షణాలు ఉన్నవాళ్లు అంతకంటే చాలా ఎక్కువ, వాళ్లలో అత్యధికులకు ఎన్నడూ స్కిజోఫ్రీనియా రాదు. లక్షణాల వల్ల నిద్ర, చదువు, ఉద్యోగం, బంధాలు దెబ్బతింటుంటే మాత్రం మానసిక వైద్యుణ్ణి కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సహాయం 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ దొరుకుతుంది.

ప్రశ్నావళులు పుట్టినది ఇంగ్లీషు సమాజాల్లో. కంటి దృష్టి తగులుతుందా, మనసులో మాట ఇతరులకు తెలుస్తుందా వంటి సంగతులను అక్కడ విడ్డూరంగా లెక్కిస్తారు. పసిపిల్లకు దిష్టి చుక్క పెట్టి, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టే ఇంట్లో అదే జవాబు స్వభావం గురించి ఏమీ చెప్పదు, పెంపకం గురించి చెబుతుంది. డి.ఎస్.ఎం. కూడా ఈ హెచ్చరిక చేస్తుంది. సమాజంలో అందరూ నమ్మేదాన్ని లక్షణంగా లెక్కపెట్టకూడదు, దిష్టి నమ్మకాన్ని అది పేరుపెట్టి ఉదహరించింది. కాబట్టి తెలుగువాళ్ల మధ్య అడగవలసింది దిష్టి నమ్ముతారా అని కాదు. ఇంట్లోవాళ్లకు, ఇరుగుపొరుగుకు కూడా వింతగా తోచే నమ్మకాలు ఉన్నాయా అని.

మాటల ఎంపికలోనూ ఇదే శ్రద్ధ కావాలి. ఇంగ్లీషు జంటలను అనువదిస్తే పొత్తులు చెడిపోతాయి. రొట్టె, వెన్న అక్కడ విడదీయరాని జంట, ఇక్కడ పప్పు, అన్నం. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి చదువరి ఊహ చాలామటుకు ఆ చివరి మాట మీదే నిలుస్తుంది. ఆ క్రియలోనే 'వెళ్లనివ్వలేదు' అన్నట్టు నాలుగు సంగతులు ఒకే మాటగా అతుక్కుని ఉంటాయి. వత్తులు, గుణింతపు గుర్తులు అక్షరానికి పైనా కిందా పేరుకోవడంతో, 150 మిల్లీసెకండ్లు మెరిపించే మాటకు పొడవుతోపాటు ఎత్తును కూడా సమం చేయాలి. జంటలను ముందుగా తెలుగు చదువరులకే ఇచ్చి, ఏ మాటకు ఏ మాట ఎంతమందికి తోస్తుందో పట్టిక రాసుకుంటేనే 'సముద్రం', 'కారం' నిజంగా పరోక్ష జంటో కాదో తేలుతుంది.